పొద్దున మూడు, రాత్రి మూడు

మే 5, ఉదయం పదకొండు గంటలు. బయట గుంటూరు ఎండకి ఆటో సీట్లు చుర్రుమంటున్నాయి. లోపల, ఆసుపత్రి మొదటి అంతస్తులో, వరసలో నాలుగో కుర్చీలో మా నాన్న దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఏసీ గాలి నేరుగా తగలకుండా సిస్టర్ ఆ కుర్చీని గోడవైపు తిప్పింది.

“మే నెల్లో గుంటూర్లో దుప్పటి కప్పుకున్నోణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను” అని నాన్న నవ్వుతున్నారు. నవ్వుతూనే సూది గుచ్చిన చేతిని మాత్రం ఇంచీ కూడా కదపడం లేదు.

పైన వేలాడే సీసాలో ఐదు శాతం డెక్స్‌ట్రోజ్, అందులో ఆక్సాలిప్లాటిన్. ఈ మందుని ఉప్పునీటి సెలైన్‌లో కలపకూడదట, చెడిపోతుందట. సీసా ఖాళీ కావడానికి రెండు గంటలు. సిస్టర్ ప్రతి పావుగంటకీ వచ్చి సూది చుట్టూ వేలితో నొక్కి చూస్తోంది. వాపు లేదు, మంట లేదు అని నాన్న నోటితో చెప్పించుకుని గాని కదలడం లేదు.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక కాగితం సంచీ ఉంది. అందులో కెపాసిటబీన్ స్ట్రిప్పులు.

“బాబాయ్‌గారూ, ఈ సీసా నా పూచీ. చుక్క చుక్కా నేను చూస్తాను. ఈ బిళ్ళలు మీ పూచీ. పద్నాలుగు రోజులు మీ ఇంట్లో నేనుండను.”

నాన్న తెనాలిలో దర్జీ. వయసు 61. మార్చి నెలాఖరులో పెద్దపేగు ఎడమవైపు కిందిభాగంలో ఉన్న గడ్డని ఆపరేషన్ చేసి తీశారు. దాంతోపాటు తీసిన 16 లింఫు గ్రంథుల్లో రెండింట్లో కేన్సర్ కణాలు కనిపించాయి. అంటే మూడో దశ. గడ్డ పోయినా, కంటికి కనిపించని కణాలు ఎక్కడైనా మిగిలుంటాయేమోనని ఈ కీమో. ఒక్కో సైకిల్ 21 రోజులు. మొదటిరోజు సీసా, ఆ సాయంత్రం నుంచి పదిహేనో రోజు ఉదయం దాకా బిళ్ళలు, ఆపైన ఒక వారం విరామం. నాన్నకి ఇలాంటివి నాలుగు. ఒకప్పుడైతే ఎనిమిది ఇచ్చేవాళ్ళు, అంటే ఆర్నెల్లు. ఆరు ప్రయోగాల్లోని 12,800 మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూసిన ఫలితాలు 2018లో వచ్చాక, నాన్నలాంటి తక్కువ ముప్పున్న మూడో దశ వాళ్ళకి ఈ రెండు మందుల జంట మూడు నెలలిస్తే చాలునని తేలింది. మిగతా మూడు నెలల తిమ్మిర్లు తప్పాయి. వేళ్ళతో బతికేవాడికి అది చిన్న సంగతి కాదు.

పోయిన వారం డాక్టరమ్మ గదిలో జరిగింది చెప్పకపోతే నాన్న ఒప్పుకోరు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. కాలిక్యులేటర్ నొక్కి ఆవిడ “1.63 చదరపు మీటర్లు” అన్నారు. ఈ మందుల డోసు ఒంటి ఉపరితలాన్ని బట్టి కడతారు.

“అంటే నా తోలంతా పరిస్తే అంతేనా మేడమ్? పొట్టిచేతుల చొక్కా ఒక్కటి వస్తుందేమో” అన్నారు నాన్న. ఆవిడ కళ్ళజోడు తీసి మరీ నవ్వారు.

ఈ జంటలో కెపాసిటబీన్ లెక్క చదరపు మీటరుకి వెయ్యి మిల్లీగ్రాములు, పూటకి. నాన్నకి 1,630 వస్తుంది. బిళ్ళలేమో 500వి, 150వి. దగ్గరగా సర్ది 1,500 చేశారు. పొద్దున మూడు, రాత్రి మూడు. 28 పూటలు, 84 బిళ్ళలు. ఇంకొకరికి పూటకి నాలుగు పడొచ్చు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళకి రెండే పడొచ్చు. పక్కింటివాళ్ళ చీటీ చూసి మన డోసు తప్పనుకోవడానికి లేదు.

“ఎన్నున్నాయి?” అంటోంది సిస్టర్.

నాన్న స్ట్రిప్పులు ఒళ్ళో పరుచుకుని గుండీలు లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నారు. “ఎనభై నాలుగు.”

“ఎక్కడ పెడతారు?”

“గుండీల డబ్బా ఒకటి ఖాళీగా ఉందమ్మా. మూత గట్టిది.”

“వద్దు. స్ట్రిప్పులోంచి ముందుగా తియ్యకూడదు. వేరే మందులతో కలపకూడదు. విరగ్గొట్టకూడదు, నూరకూడదు, పాలల్లో కలపకూడదు. మీరు కాక ఇంకెవరూ ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. ఇంట్లో ఎవరెవరున్నారు?”

నేను గొంతు సవరించుకుంటాను. మా చెల్లెలు పురిటికి పుట్టింటికొచ్చి ఉంది. ఏడో నెల.

సిస్టర్ మొహంలో నవ్వు పోయింది. పెరిగే కణాలని ఆపే మందు ఇది. కడుపులో బిడ్డ అంటేనే పెరిగే కణాలు. చెల్లెలు ఈ స్ట్రిప్పుల జోలికే రాకూడదు. నాన్న వాడే బాత్రూం వేరే ఉంటే మంచిది, లేకపోతే ఆయన మూత వేసి రెండుసార్లు నీళ్ళు వదలాలి. వాంతి అయితే గ్లవుజులు వేసుకుని తుడవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. “ముట్టు, మైల అనుకోకండి. ఆయన పక్కన కూర్చోవచ్చు, ఆయనతో కలిసి తినొచ్చు. మందుతోనే దూరం, మనిషితో కాదు.”

పక్క కుర్చీలో ఒక పెద్దావిడ చెవి ఇటు వేసి వింటోంది. గుండె వాల్వు ఆపరేషనై రక్తం పల్చబడే బిళ్ళ వాడుతుందట. సిస్టర్ ఆవిడ ఫైలు తీసి, వార్ఫరిన్ అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. కెపాసిటబీన్‌తో కలిస్తే ఆ మందు పని బాగా పెరిగి లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. వాడకూడదని కాదు, రక్తపరీక్ష మాటిమాటికీ చేయించుకోవాలి. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ సంగతీ అంతే, దాని మోతాదు రక్తంలో పెరిగిపోతుంది.

చివరికి సిస్టర్ ఒక పుస్తకం పెట్టమంటుంది. రోజూ రాయాలి, ఏ టైముకి వేసుకున్నారు, జ్వరం ఎంత, విరోచనాలు ఎన్ని, నోట్లో పుండ్లున్నాయా, చేతులూ కాళ్ళూ ఎలా ఉన్నాయి. నాన్న సంచీలోంచి కొలతల పుస్తకం తీస్తున్నారు. పొడుగాటి, అట్ట నలిగిన పుస్తకం. ఛాతీ, భుజం, చెయ్యి, మెడ అని గళ్ళు. అందులో కొత్త పేజీ తిప్పి గళ్ళకి పేర్లు మారుస్తున్నారు.

పేజీ పైన సిస్టర్ తన చేత్తో ఒక ఫోన్ నంబరు రాసింది. కింద గీత గీసింది.

రాత్రి 8.10. తెనాలి. మా ఇంటి వంటగదిలో గ్యాసు పొయ్యి పక్కన నాన్న నిలబడి ఉన్నారు. అన్నం తినడం ఇప్పుడే అయింది. తిన్న అరగంటలోపు బిళ్ళలు వేసుకోవాలి. ఈ డోసులన్నీ భోజనం తర్వాత ఇచ్చి చూసి ఖాయం చేసినవే. స్ట్రిప్పుని నొక్కితే బిళ్ళలు గిన్నెలోకి టక్ టక్ టక్ మని పడుతున్నాయి. గోరువెచ్చని నీళ్ళతో ఒక్కొక్కటే మింగి, చేతులు సబ్బుతో కడుక్కుని, పుస్తకంలో “రాత్రి 8.10 — 3” అని రాశారు. చెల్లెలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికి రాలేదు.

రెండో రోజు పొద్దున్నే మొదటి పాఠం. అమ్మ మజ్జిగ చెయ్యడానికి పెరుగుగిన్నె తీసుకురమ్మంది. నాన్న అలవాటుగా ఫ్రిజ్ తలుపు తీసి గిన్నె పట్టుకున్నారు. పట్టుకోగానే వదిలేశారు. స్టీలు గిన్నె నేలమీద పడి వంటిల్లంతా పెరుగు.

“కరెంటు కొట్టిందే!”

ఫ్రిజ్‌లో కరెంటు లేదు, నాన్న వేళ్ళలో ఉంది. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్న తర్వాత కొన్నాళ్ళు నరాలు చలువని ఓర్చుకోలేవు. చల్లటి వస్తువు తాకితే సూదులు గుచ్చినట్టు, చల్లటి నీళ్ళు తాగితే గొంతు మూసుకుపోయినట్టు ఉంటుంది. ఊపిరి ఆగినట్టనిపిస్తుంది కానీ ఆగదు, గోరువెచ్చని నీళ్ళు తాగి నిదానంగా ఉంటే సర్దుకుంటుందని సిస్టర్ ముందే చెప్పింది. చెప్పింది గనకే భయపడలేదు. చెప్పకపోయుంటే ఆ పొద్దున ఆటో ఎక్కి ఎమర్జెన్సీకి పరిగెత్తేవాళ్ళం. ఎండాకాలంలో కుండనీళ్ళు లేవు, ముంజలు లేవు, సోడా లేదు, చెరుకురసం లేదు. ఆయన కత్తెరకి కూడా అమ్మ గుడ్డ చుట్టింది.

ఆ వారమంతా మా ఇంటి గడియారం ఎనిమిదింటి చుట్టూ తిరుగుతోంది. ఇడ్లీలు ఏడున్నరకి, బిళ్ళలు ఎనిమిదికి. రాత్రి అన్నం ఏడున్నరకి, బిళ్ళలు మళ్ళీ ఎనిమిదికి. ఆరో రోజు శనివారం వచ్చింది. నాన్న శనివారం రాత్రి అన్నం ముట్టరు, వెంకటేశ్వరస్వామికి మొక్కు. అమ్మ ఉప్మా చేసింది. దేవుడికీ ఇబ్బంది లేదు, మందుకీ లేదు.

ఆవకాయ సంగతే కష్టమైంది. పై పోర్షన్‌లో కొత్తావకాయ కలుపుతున్నారు. ఆవపిండి ఘాటు మెట్లు దిగి మా హాల్లోకి వస్తోంది. నాన్న నోటిలోపలి చర్మం ఎర్రగా, పల్చగా అయింది. పప్పన్నం, సొరకాయ కూర, మెత్తగా ఉడికించిన అన్నంలో పెరుగు. ఆ పెరుగు కూడా ఫ్రిజ్‌లోది కాదు, బయట తోడుపెట్టింది. గుంటూరు జిల్లాలో పుట్టి కారం లేకుండా బతకడం కంటే కీమోనే నయమని ఆయన అందరికీ ఫోన్లో చెప్పుకుంటున్నారు.

ఈ బిళ్ళ పనిచేసే తీరు దర్జీకి తొందరగా అర్థమవుతుంది. స్ట్రిప్పులో ఉన్నది మందు కాదు, తాను. దాన్ని కాలేయం మొదట ఒకలా కత్తిరిస్తుంది. కాలేయంలోనూ గడ్డలోనూ ఉండే ఇంకో ఎంజైము రెండో కత్తిరింపు వేస్తుంది. మూడోది కుడుతుంది. ఆ మూడో ఎంజైము చాలా గడ్డల్లో మామూలు కణజాలం కంటే ఎక్కువ ఉంటుంది. కుట్టడం పూర్తయ్యాక బయటికొచ్చే చొక్కా పేరు 5-ఫ్లోరోయురాసిల్. చార్లెస్ హైడెల్‌బర్గర్ బృందం 1957లో లోకానికి చెప్పిన పాత మందే. అప్పటినుంచీ నరంలోకి ఎక్కిస్తున్నదాన్ని మింగే బిళ్ళగా మార్చింది జపాన్‌లోని కమకురా పరిశోధనశాల. కణం తన డీఎన్ఏ కుట్టుకోవడానికి యురాసిల్ అనుకుని దీన్ని అందుకుంటుంది, అక్కడ కుట్టు తెగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ మూడో ఎంజైము గడ్డలోనే కాదు, ఒళ్ళంతా ఎంతోకొంత ఉంటుంది. పేగు లోపలి పొర, నోటి చర్మం, ఎముక మూలుగ, ఇవన్నీ రోజూ కొత్తకణాలు పుట్టించుకునే చోట్లు. దెబ్బ వాటికీ తగులుతుంది.

మే 13, తొమ్మిదో రోజు. సాయంత్రం ఏడుంపావు. నేను గుంటూరు నుంచి బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నాన్న కుట్టుమిషన్ పక్కన చాపమీద పడుకుని ఉన్నారు. ఎన్నడూ ఆ వేళకి పడుకునే మనిషి కాదు.

“ఏంటి నాన్నా?”

“ఏం లేదమ్మా. ఎండ.”

కొలతల పుస్తకం తీసి చూస్తున్నాను. ఏడో రోజు విరోచనాలు 2. ఎనిమిదో రోజు 2. తొమ్మిదో రోజు గడి ఖాళీ. నలభై ఏళ్ళుగా ఎవరి కొలతా తప్పు రాయని చెయ్యి అది. ఆ రెండో రెండు మీద సిరా కాస్త లావుగా ఉంది, రాసినదాని మీద దిద్దినట్టు.

వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడుగుతున్నాను. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. “రాత్రి నాలుగుసార్లు లేచారే. పొద్దుట్నించి లెక్కపెట్టలేదు. నీకు చెప్పొద్దన్నారు.”

వెనక్కొచ్చి చాప పక్కన కూర్చున్నాను. “నాన్నా, పొద్దుట్నించి ఎన్నిసార్లు?”

ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. “ఎనిమిదో, తొమ్మిదో.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఆపేయమంటారుగా. కోర్సు మధ్యలో ఆపితే జబ్బు మళ్ళీ వస్తుంది గదా. ఇంకా ఐదురోజులే. ఓర్చుకుందామని.”

మన ఇళ్ళలో ప్రతివాడికీ ఈ సూత్రం తెలుసు, కోర్సు పూర్తి చెయ్యాలి అని. యాంటీబయాటిక్ బిళ్ళలు నేర్పిన సూత్రం. అక్కడ డాక్టర్లు చెప్పేదీ అదే. ఇక్కడ అదే సూత్రం మనిషిని చంపగలదు. మామూలుగా వెళ్ళేదానికంటే రోజుకి నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి నిద్రలోంచి లేవాల్సి వచ్చినా బిళ్ళలు ఆపి ఫోన్ చెయ్యమని ఆసుపత్రివాళ్ళు బిళ్ళలతోపాటు ఇచ్చిన కాగితం మీద అచ్చులో ఉంది. నాన్న ఆ గీత నిన్న రాత్రే దాటేశారు. దాటి పొద్దున ఇడ్లీ తిని మరో మూడు వేసుకున్నారు. ఓర్పు ఉన్నవాడే ఈ మందుతో ఎక్కువ ప్రమాదంలో ఉంటాడని నాకు ఆ చాప పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది.

గోడగడియారం 7.40. ఇంకో ఇరవై నిమిషాల్లో బిళ్ళల వేళ. పేజీ పైనున్న నంబరు నొక్కుతున్నాను. రెండో రింగుకే ఎత్తారు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, గొంతు నిదానంగా ఉంది.

“జ్వరం ఉందా? చూశారా, చెయ్యి పెట్టి చెప్తున్నారా?”

థర్మామీటర్ పెడుతున్నాను. 99.2. “100.4 దాటితే ఒక్క నిమిషం ఆగకుండా రావాలి. చూడకుండా పారాసిటమాల్ వెయ్యకండి, జ్వరం దాక్కుంటుంది. రక్తం పడుతోందా? లేదు కదా. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు? లేదు. మూత్రం ఎప్పుడు పోశారు?”

నాన్న ఆలోచిస్తున్నారు. మధ్యాహ్నం అన్నారు. కాస్తే అన్నారు.

“ఈ రాత్రి బిళ్ళలు వెయ్యొద్దు. రేపూ వద్దు. మేం చెప్పేదాకా వద్దు. మేమిచ్చిన లోపెరమైడ్ ఇప్పుడు రెండు వెయ్యండి, తర్వాత విరోచనమైన ప్రతిసారీ ఒకటి. ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగిస్తూ బయల్దేరండి. ఇంకో మాట, వేరే మందులేమైనా వాడుతున్నారా?”

లేదని చెప్పబోతుంటే చెల్లెలు మిషన్ సొరుగు చూపిస్తోంది. లోపల సగమైన ఎర్ర కేప్సూళ్ళ పట్టీ. నీరసంగా ఉందంటే వీధి చివర ఆర్‌ఎంపీ ఇచ్చాడట, బలానికి. నాలుగు రోజుల్నించి వేసుకుంటున్నారు. నేను పట్టీ వెనక అక్షరాలు చదివి వినిపిస్తున్నాను. ఐరన్, బీ12, ఫోలిక్ యాసిడ్.

ఫోన్‌లో ఒక్క క్షణం మాట లేదు. “అది కూడా ఆపండి. తీసుకురండి.”

ఫోలిక్ యాసిడ్ విటమినే, చెల్లెలు తన కడుపులో బిడ్డకోసం రోజూ వేసుకునేదే. కానీ కెపాసిటబీన్ వేసుకునే ఒంట్లో అది మందు పట్టుని బిగిస్తుంది. గడ్డమీదే కాదు, పేగుమీదా బిగిస్తుంది. ఆ కేప్సూళ్ళిచ్చినవాడు చెడుద్దేశంతో ఇవ్వలేదు. ఏ మందు వాడుతున్నావని అడగలేదు, అంతే. నాన్నా చెప్పలేదు. మన దగ్గర విటమిను అంటే మందు లెక్కలోకి రాదు.

తొమ్మిదిన్నరకి గుంటూరు. సెలైన్ కడుతున్నారు. నాన్న నాలుక ఎండిపోయి ఉంది, చేతిమీద చర్మం పట్టి లాగితే వెంటనే వెనక్కి పోవడం లేదు. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగానే ఉన్నాయి. క్రియాటినిన్ 1.6. మొదలుపెట్టిన రోజు 0.9. ఒంట్లో నీళ్ళు తగ్గితే మూత్రపిండాలు నెమ్మదిస్తాయి. ఈ మందు ముక్కలు బయటికి పోయేది ఎక్కువగా మూత్రంలోనే, కాబట్టి అవీ లోపలే నిలిచి ఇంకా విరోచనాలు తెప్పిస్తాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగే మెట్లు. ఇంకో రెండు పూటలు ఓర్చుకునుంటే ఎక్కడిదాకా దిగేవారో ఆ కుర్ర డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొద్దున రౌండ్స్‌కి డాక్టరమ్మ వచ్చారు. ఫైల్లో ఒక పాత కాగితం కోసం వెతుకుతున్నారు. డీపీడీ రిపోర్టు. 5-ఫ్లోరోయురాసిల్‌లో 80 శాతం పైగా విరిచి పారేసే ఎంజైము అది. కొందరికి పుట్టుకతోనే తక్కువ, అరుదుగా అసలే ఉండదు. అలాంటివాళ్ళకి మామూలు డోసే విషమవుతుంది, మొదటి సైకిల్లోనే. యూరప్ మందుల సంస్థ 2020 నుంచి, మందు మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష చేయమంటోంది. నాన్నకి ఏప్రిల్లోనే చేయించారు. అప్పుడు నేను లోపల్లోపల సణుక్కున్నాను, మళ్ళీ ఇంకో టెస్టా అని. ఇప్పుడు ఆ కాగితంమీద లోపం లేదన్న ముక్క చూసి డాక్టరమ్మ గాలి వదలడం చూశాక ఆ సణుగుడు వెనక్కి తీసుకుంటున్నాను.

“పరీక్ష బాగుంది కాబట్టి ఇక ఏమీ కాదని కాదు” అంటున్నారు ఆవిడ. “చూశారుగా. కేప్సూళ్ళే కారణమని ఖాయంగా అనలేను. ఎండ, నీళ్ళు తాగకపోవడం, మందు, అన్నీ ఉన్నాయి. మీరు దాచడం కూడా.”

నాన్న దుప్పటి అంచుని వేళ్ళతో మడుస్తున్నారు. “ఆపితే జబ్బు...”

“ఐదు రోజులు ఆపితే జబ్బు రాదు బాబాయ్‌గారూ. ఆపకపోతే మీరు మాకు మిగలరు. ఈ మందుకి ఆపడం కూడా ఒక డోసే అనుకోండి. వదిలేసిన పూటలు మళ్ళీ వేసుకోవక్కర్లేదు. మర్చిపోయినా అంతే, తర్వాతి పూటకి ఆరు వేసుకోకూడదు.”

మిగిలిన బిళ్ళలు లెక్క చూస్తే 36. వాటిని చెత్తబుట్టలో వెయ్యడానికి లేదు, సింకులో కడిగెయ్యడానికి లేదు. సిస్టర్ గ్లవుజులతో తీసుకుని పసుపు సంచీలో వేసింది.

రెండో సైకిల్ మే 26న మొదలవ్వాలి. క్రియాటినిన్ 1.0కి దిగి, కడుపు కుదురుకుని, నోరు మానేదాకా ఆగి జూన్ 2న మొదలుపెట్టారు. ఈసారి డోసు ముప్పాతిక. 500వి రెండు, 150ది ఒకటి. “కొలత తగ్గిందా మేడమ్?” అన్నారు నాన్న. “బిగుతైన చొక్కా విప్పి వదులు చేశాం” అన్నారు ఆవిడ. తగ్గిస్తే పనిచేయదేమోనని మాకందరికీ అనుమానమే. ప్రతి మనిషికీ సరిపోయే డోసు మొదటి సైకిల్లోనే తెలియదు, రెండోదానికి దిద్దుకోవడం పద్ధతిలో భాగమేనని ఆవిడ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

రెండు, మూడు సైకిళ్ళలో చెప్పుకోదగ్గ గొడవ లేదు. చేతుల సంగతే చెప్పాలి. కెపాసిటబీన్ అరచేతుల్నీ అరికాళ్ళనీ పట్టుకుంటుంది. మొదట ఎర్రదనం, మంట, తర్వాత పగుళ్ళు, ముదిరితే బొబ్బలు, నడవలేనంత నొప్పి. రాపిడి ఉన్నచోట ఎక్కువ. దర్జీ పనంతా రాపిడే, కత్తెర కన్నంలో బొటనవేలు, ఇస్త్రీపెట్టె పిడి, తొక్కే పెడల్ కింద పాదం. డాక్టరమ్మ మొదటిరోజే చేతులకి రోజుకి రెండుసార్లు డైక్లోఫెనాక్ జెల్ రాయమన్నారు. “మోకాళ్ళ నొప్పి మందా?” అని నాన్న వెటకారం. ఔను, అదే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మంది మీద చేసి చూశారు. ఉత్త జెల్ రాసుకున్నవాళ్ళలో 15 శాతం మందికి చెప్పుకోదగ్గ బాధ వస్తే, ఈ మందున్న జెల్ రాసుకున్నవాళ్ళలో 3.8 శాతానికే వచ్చింది. కేన్సర్ మందుల వార్తలు ఎప్పుడూ లక్షల్లో ఖరీదుండే కొత్తవాటి గురించే. మందులషాపులో వందలోపు దొరికే ట్యూబు గురించి మనవాళ్ళు కనిపెట్టిన ఈ సంగతి చాలామంది రోగులదాకా ఇంకా రాలేదని నా అనుమానం.

జెల్ ఒక్కటే కాదు. అమ్మ ఆయన్ని మేడమీద ఉత్తకాళ్ళతో నడవనివ్వలేదు. వేణ్ణీళ్ళ స్నానం మాన్పించింది, చల్లనీళ్ళు సీసా ఎక్కిన వారం పడవు కాబట్టి గోరువెచ్చనివే. మెత్తటి చెప్పులు. మూడు నెలలు కొత్త కుట్టుపని ఒప్పుకోకుండా గుండీలు, కాజాలు మాత్రమే, అవీ పూటకి పది నిమిషాలు.

జూలై 28, ఉదయం 8.05. నాలుగో సైకిల్లో చివరి మూడు బిళ్ళలు. నాన్న వేసుకుని, చేతులు కడుక్కుని రాసుకున్నారు. చెల్లెలు పుట్టింటి గదిలో బిడ్డకి పాలిస్తోంది. ఆడపిల్ల. బాగుంది.

ఆగస్టు 1, పొద్దున ఏడు. సచివాలయం ఉద్యోగి పింఛను ఇవ్వడానికి గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న బొటనవేలు మిషన్ మీద పెడుతున్నారు. ఎర్రలైటు. తుడిచి మళ్ళీ పెట్టారు. ఎర్రలైటు. చూపుడువేలు, ఉంగరపువేలు. మిషన్ ఒప్పుకోవడం లేదు. చర్మం ఊడలేదు, బొబ్బ ఎక్కలేదు, కానీ వేలిగీతలు అరిగి నున్నగా ఉన్నాయి. ఈ మందు అది కూడా చేస్తుంది. సింగపూర్ నుంచి అమెరికా వెళ్ళిన 62 ఏళ్ళ రోగి ఒకాయన్ని 2008 డిసెంబరులో వేలిముద్రలు పడటం లేదని విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. కెపాసిటబీన్ వేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

“వేళ్ళు లేని మనిషినయ్యానా?” అంటున్నారు నాన్న, కాస్త కంగారుగానే.

ఆ అబ్బాయికి మందు సంగతి చెప్పి, డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తున్నాను. అతను తల ఊపి ఐరిస్ మిషన్ తీశాడు. నాన్న కళ్ళజోడు తీసి అందులోకి చూశారు. పచ్చలైటు. నాలుగు వేలు లెక్కపెట్టి ఇచ్చి, అతను పక్కింటికి వెళ్ళాడు.

నాన్న కొలతల పుస్తకం తెరిచి ఆఖరి పేజీలో రాస్తున్నారు. జ్వరం లేదు. విరోచనాలు 1. వేలిముద్ర పడలేదు. మందు ఆపాక కొన్ని వారాల్లో గీతలు తిరిగొస్తాయని డాక్టరమ్మ చెప్పారు. సెప్టెంబరు ఒకటో తేదీ గడి ఇప్పుడే గీసి ఖాళీగా ఉంచారు.